మావయ్య బావిలో దొరికిన బరువు రాయి ఇరిడియమా?

ప్రశ్న: సార్, మాది గాజువాక, ఆటో స్పేర్ పార్టుల షాపు నడుపుతుంటాను. మా మావయ్యది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఈ వేసవిలో పొలంలో పాత బావిని లోతు చేయిస్తుంటే నల్లటి రాళ్లు బయటపడ్డాయి. చాలా బరువు. పగలగొడితే లోపల స్టీలులా మెరుస్తూ, ఓ పక్కకి తిప్పితే కొద్దిగా కంచు రంగు కనిపిస్తోంది. పాత స్పీకర్ మాగ్నెట్ పెడితే గట్టిగా అంటుకుంది. ఫోన్ యాప్‌లో ఫొటో పెడితే ఒకసారి గెలీనా అంది, ఇంకోసారి ప్లాటినం అంది. ఊళ్లో ఒకాయన తీసుకొచ్చిన బ్రోకర్ బియ్యం గింజలు రాయి వైపు కదలడం చూపించి, ఇందులో ఇరిడియం అనే అరుదైన, ఖరీదైన లోహం ఉందన్నాడు. బంగారం షాపు మిషన్‌లో పెట్టించి ‘ఇరిడియం 2 శాతం’ అని చీటీ కూడా తెచ్చాడు. ఢిల్లీ పార్టీ కొంటుందట, ముందు కెమికల్ టెస్టుకి 40 వేలు కట్టమంటున్నాడు. నేను నెట్‌లో వెతికితే పక్కనే ఉన్న గరివిడిలో వ్రెడెన్‌బర్గైట్ అనే అరుదైన ఖనిజం ఉందని కనిపించింది. మాది అదేనా? పొలం దగ్గరే తెలుసుకునే దారి ఉందా? అరకు వెళ్లే రైలు పట్టాల పక్కన మా ఫ్రెండ్‌కి కూడా ఇలాంటిదే దొరికింది, అది ఏమై ఉంటుంది? డబ్బు కట్టాలా వద్దా అని ఇంట్లో ఒకటే టెన్షన్.

సమాధానం:

ముందు డబ్బు సంగతి. కట్టకండి తమ్ముడూ, రూపాయి కూడా వద్దు. నిజంగా కొనేవాడికి రాయి మీద అనుమానం ఉంటే శాంపిల్ పట్టుకెళ్లి తన ఖర్చుతో పరీక్ష చేయించుకుంటాడు. అమ్మేవాడి దగ్గర ముందే డబ్బు అడిగాడంటే అతనికి కావాల్సింది ఆ 40 వేలే, మీ రాయి కాదు.

బియ్యం కదలడం గురించి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే మీ మావయ్యగారు నమ్మింది దాన్నే అయ్యుంటుంది. దీన్ని రైస్ పుల్లింగ్ అంటారు, రాగి చెంబులకీ పాత నాణేలకీ ఇదే కథ చెప్పి లక్షలు గుంజిన ముఠాలని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులు పట్టుకున్నారు. గింజలకి ముందే సన్నటి ఇనప రజను పట్టిస్తారు, వస్తువులోనో కింద గుడ్డలోనో మాగ్నెట్ దాస్తారు, అంతే. ఈసారి వస్తే మీ ఇంటి బియ్యం డబ్బాలోంచి గుప్పెడు తీసి, మీ బల్ల మీద, మీ పళ్లెంలో పోసి చేసి చూపించమనండి. పైగా ఇరిడియం మాగ్నెట్‌కి అంటుకునే లోహమే కాదు. మీ రాయి గట్టిగా అంటుకుందని మీరే రాశారు. అంటే ఆ లాగుడు ఇంకేదో ఖనిజానిది.

ఇక ఆ చీటీ. అది దొంగ చీటీయే అయ్యుండాలని లేదు, అందుకే దాని మీద రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. బంగారం షాపుల్లో ఉండే మిషన్ ఎక్స్ కిరణాలు కొట్టి, తిరిగి వచ్చే కిరణాల శక్తిని బట్టి ఏ మూలకం ఎంత ఉందో లెక్కేస్తుంది. పద్ధతి మంచిదే, ల్యాబుల్లో రాళ్లకి వాడేదీ ఇదే. కానీ షాపులోదాన్ని నగల కోసం సెట్ చేసి ఉంచుతారు. బంగారం, వెండి, రాగి, జింకు, వాటితో పాటు బంగారంలో కల్తీగా కలిపే ఇరిడియం, రుథీనియం లాంటివి దాని జాబితాలో ఉంటాయి. మీరు దాని ముందు గరివిడి వైపు దొరికేలాంటి, మాంగనీసూ ఇనుమూ ఉన్న రాయి పెడితే, తనకి తెలిసిన జాబితాలోనే ఏదో ఒకదానికి ఆ సిగ్నల్ అంటగట్టి, మొత్తం నూరు శాతం అయ్యేలా పంచేస్తుంది. ఉల్కలని వెతికేవాళ్లు కూడా ఇలాంటి చీటీలు పట్టుకుని ల్యాబుల చుట్టూ తిరుగుతుంటారు. నగల మిషన్ రాయి గురించి చెప్పింది ఏదైనా పక్కన పెట్టేయండి.

యాప్ సంగతి ఇంకా తేలిక. లోహంలా మెరిసే ఖనిజాలన్నీ ఫొటోలో ఒకేలా ఉంటాయి. వాటిని విడదీసే గుణాలు, అంటే గీస్తే పడే రంగు, బరువు, గట్టితనం, మాగ్నెట్ లాగుడు, వీటిలో ఒక్కటీ కెమెరాకి చిక్కదు. గెలీనా అంటే సీసం ముడి ఖనిజం. అది పగిలితే చిన్న చిన్న ఘనాకారపు ముక్కలుగా పగులుతుంది, చాకుతో సులువుగా గీసుకుపోతుంది, మాగ్నెట్‌ని అసలు పట్టించుకోదు. మీదానితో ఏ రకంగానూ కలవడం లేదు. ప్లాటినం మాట సరేసరి, దక్షిణాఫ్రికాలోని పెద్ద పెద్ద ప్లాటినం గనుల్లోనే టన్ను రాయికి కొన్ని గ్రాములు వస్తే గొప్ప.

ఇప్పుడు అసలు పని. పొలం దగ్గర మీరు చేయగలిగింది రాయికి పేరు పెట్టడం కాదు, ఏది కాదో ఒక్కొక్కటిగా కొట్టేయడం. మామూలువన్నీ కొట్టేశాక కూడా మిగిలితే అప్పుడు అరుదైన పేరు గురించి ఆలోచించాలి. చాలామంది రివర్సులో వెళ్తారు, నెట్‌లో ఒక గొప్ప పేరు చూసి, దానికి తమ రాయి సరిపోతుందో లేదో అని వెతుకుతారు. అలా వెతికితే ఏ రాయైనా సరిపోతుంది.

రాయి కంటే ముందు చోటు చూడండి. బావి తవ్విన మట్టిలో, అడుగు నుంచి వచ్చిందని మేస్త్రీ కచ్చితంగా చెబుతున్నాడా, లేక గట్టు మీద ఎప్పటినుంచో పడి ఉందా? ఇది ఎందుకంటే గరివిడి, బొబ్బిలి, కొత్తవలస వైపంతా ఫెర్రో అల్లాయ్స్ (ఇనుముతో మాంగనీస్ లాంటివి కలిపిన లోహాలు) ఫ్యాక్టరీలు ఉన్నాయి, వాటి చిట్టెం, అంటే లోహం తీశాక కొలిమిలో మిగిలే వ్యర్థం, రోడ్లకీ గట్లకీ పోస్తుంటారు. అందులో అప్పుడప్పుడు లోహపు ముద్దలు కూడా ఉంటాయి, విరిస్తే వెండిలా ధగధగలాడతాయి, చూసినవాడు ఉల్కో ప్లాటినమో అనుకోకపోతే ఆశ్చర్యం. చిట్టెం అయితే గాలి బుడగల గుంతలు, గాజులాంటి పచ్చటి లేదా నల్లటి భాగాలు కనిపిస్తాయి. బావి అడుగున గట్టి రాయిలో పొరలా, లేదా గార్నెట్ అనే ఎర్రటి ఖనిజపు గింజలున్న రాయిని అంటిపెట్టుకుని వచ్చిందంటే అది నేలలో పుట్టిందే. ఆ అంటుకున్న పక్క రాయిని పారేయకండి, రాళ్లు పరీక్షించే నాలాంటి వాళ్లకి మెరిసే ముక్క కంటే అదే ఎక్కువ చెబుతుంది. అన్నట్టు కుప్పలోంచి ఏరుకోండి చాలు, ముక్క కోసం మీరు పాత బావిలోకి దిగొద్దు.

తర్వాత తాజా ముఖం కావాలి. మాంగనీస్ రాళ్లు గాలీ నీరూ తగిలి పైన నల్లటి, మెత్తటి పొరగా మారిపోతాయి, ఆ పొర మీద చేసిన పరీక్ష ఆ పొర గురించే చెబుతుంది. రాయిని గోనె సంచిలో చుట్టి సుత్తితో కొట్టండి, కళ్లజోడు పెట్టుకోండి, ఈ రాళ్ల పెళ్లలు సూదుల్లా ఎగురుతాయి. విరిగిన ముఖాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పితే చదునైన పలకలు తళుక్కుమంటున్నాయా, లేక అంతా సన్నటి గరుకుగా ఉందా చూసి రాసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది గీటు. మెరుగు లేని పింగాణీ మీద రాయిని గట్టిగా రాస్తే పడే పొడి రంగు. దీనికోసం ఏమీ కొనక్కర్లేదు, పింగాణీ టీ కప్పు బోర్లిస్తే అడుగున తెల్లటి గరుకు అంచు ఉంటుంది చూడండి, అది చాలు. తెల్లటి టైల్ వెనక వైపైనా సరే, ఎర్ర మట్టి టైల్ మాత్రం వద్దు. రాయి పైకి ఏ రంగులో మెరిసినా పొడి రంగు అంత త్వరగా అబద్ధమాడదు. గీటు ఎర్రగా, పండు చెర్రీ రంగుకో ఇటుక రంగుకో వచ్చిందా, అది హెమటైట్, ఇనుప ఖనిజం. అచ్చ నలుపు వచ్చి, మాగ్నెట్‌కి ఎగిరి అంటుకుంటే మాగ్నెటైట్, అది కూడా ఇనుమే, తూర్పు కనుమల్లో చాలాచోట్ల దొరుకుతుంది. ముదురు గోధుమ, చాక్లెట్ రంగు కలిసిన నలుపు వస్తే ఇనుము గడప దాటి మాంగనీస్ ఇంట్లోకి వచ్చినట్టే. ఈ నలుపుకీ ఆ నలుపుకీ తేడా నీడలో తెలియదు. ఎండలో, పొడిని వేలితో కాస్త పులిమి చూడాలి, పక్కన తెల్ల కాగితం పెట్టుకుంటే ఇంకా మంచిది. రాయి పట్టుకుంటేనే వేళ్లకి మసి అంటుతుంటే అది పైరోలుసైట్ అయ్యుండొచ్చు, అది మెత్తటి మాంగనీస్ ఖనిజం. తేలిగ్గా ఉండి కాగితం మీద పెన్సిల్‌లా రాస్తే గ్రాఫైట్. మన కైలాసగిరి, సింహాచలం కొండల ఖోండలైట్ రాయిలో మెరిసే నల్లటి రేకులు కూడా చాలాసార్లు ఈ గ్రాఫైటే, దాన్ని వెండి అనుకుని జేబులో వేసుకొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మాగ్నెట్ పరీక్ష మీరు చేశారు కానీ స్పీకర్ మాగ్నెట్ చాలా బలమైనది, కొద్దిగా లాగే ఖనిజాల్ని కూడా పట్టుకుంటుంది. చిన్న మాగ్నెట్‌ని దారానికి వేలాడదీసి రాయి దగ్గరికి తీసుకెళ్లండి, ఎంత దూరం నుంచి లాగుతోందో తెలుస్తుంది. ఇల్మనైట్ కొంచెమే లాగుతుంది, అదే మన భీమిలి తీరంలో కనిపించే నల్ల ఇసుకలో ఉండేది. బ్రానైట్ అనే మాంగనీస్ ఖనిజం కూడా అంతంత మాత్రమే. మీరు గట్టిగా అంటుకుందంటున్నారు, దాంతో చాలా పేర్లు పోయాయి.

గట్టితనానికి చాకూ ఆకురాయీ సరిపోతాయి. మామూలు చాకు గీత పడకుండా, ఆకురాయితో రుద్దితే మాత్రం కొద్దిగా అరిగితే ఒకటి నుంచి పది దాకా ఉండే గట్టితనం కొలతలో మీ రాయి ఆరు, ఆరున్నర ప్రాంతంలో ఉన్నట్టు. కంచు రంగు చూసి పిర్హోటైట్ అనే గంధకపు ఖనిజమేమో అని కూడా అనుమానించాలి, అదీ మాగ్నెట్‌కి అంటుకుంటుంది. కానీ దాన్ని చాకు సులువుగా గీస్తుంది, అలా గీస్తే కథ అక్కడితో అయిపోతుంది.

బరువుని చేత్తో ఊపి చెప్పడం ఎవరివల్లా కాదు. మీ షాపులోనో వంటింట్లోనో గ్రాముల డిజిటల్ కాటా ఉంటుంది కదా. రాయిని ముందు పొడిగా తూచండి. తర్వాత కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి, రాయిని దారానికి కట్టి అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి చేత్తో పట్టుకోండి. కాటా ఇప్పుడు చూపించే అంకె రాయి ఎంత చోటు ఆక్రమిస్తుందో చెబుతుంది. మొదటి అంకెని దీనితో భాగించండి. ఉదాహరణకి రాయి 360 గ్రాములు ఉండి, నీళ్లలో 75 చూపిస్తే సాంద్రత 4.8. మామూలు పలుగురాయి 2.65 దగ్గర ఉంటుంది. మాంగనీస్ ఆక్సైడ్లు చాలావరకు 4.3 నుంచి 5 లోపు, మాగ్నెటైట్ 5.2, గెలీనా 7.5, ఫ్యాక్టరీ ఫెర్రో మాంగనీస్ ముద్ద 7 పైన. ఇరిడియం 22.5. అంటే క్రికెట్ బంతంత ఇరిడియం ముద్ద నాలుగు కిలోల పైనే తూగుతుంది, మీ రాయి ఆ సైజులో కిలో కూడా ఉండదు. బ్రోకర్ ఎదుటే ఈ లెక్క చేసి చూపించండి, ముఖం చూడాలి అప్పుడు. ముక్కలో పలుగురాయో మట్టో కలిసి ఉంటే అంకె తగ్గుతుంది, అందుకని వీలైనంత శుభ్రమైన, రంధ్రాలు లేని ముక్క తీసుకోండి.

ఒక్క రసాయన పరీక్ష మాత్రం చెబుతాను. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి, తాజా ముఖం నుంచి గీరిన చిటికెడు పొడి మీద నాలుగు చుక్కలు వేయండి. మాంగనీస్ ఆక్సైడ్ అయితే బుసబుసా నురగ వస్తుంది. ఇనుప ఖనిజం పొడికి అంత ఉత్సాహం ఉండదు, అక్కడొకటి ఇక్కడొకటి బుడగలు వస్తాయి. పోల్చి చూడటానికి పక్కన తుప్పు పొడి వేసుకోండి. ఇంతకు మించి కెమిస్ట్రీ ఇంట్లో వద్దు. ముఖ్యంగా బాత్రూం కడిగే యాసిడ్ పోయకండి. మాంగనీస్ ఆక్సైడ్ మీద ఆ యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన గదిలో అయితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. స్టవ్ మీద కాల్చి చూడటం కూడా వద్దు, కొన్ని లోహపు ఖనిజాల్లో ఆర్సెనిక్ ఉంటుంది, వేడికి వెల్లుల్లి వాసనతో పైకి లేస్తుంది.

ఇప్పుడు మీరు అడిగిన పేరు దగ్గరికి వద్దాం. మీరు నెట్‌లో చూసింది నిజమే. లూయిస్ లీ ఫెర్మర్ అనే జియలాజికల్ సర్వే అధికారి దేశమంతా మాంగనీస్ గనులు తిరిగి 1909లో ఒక పెద్ద గ్రంథం రాశాడు. అందులో బాగా మాగ్నెట్‌కి అంటుకునే, కంచు రంగు నుంచి ముదురు ఉక్కు రంగు దాకా ఉండే ఒక ఖనిజాన్ని వర్ణించి, సర్వేలోనే పనిచేసే ఎర్నెస్ట్ వ్రెడెన్‌బర్గ్ పేరు పెట్టాడు. అది దొరికిందని చెప్పిన చోట్లు నాగపూర్ జిల్లా బెల్‌డోంగ్రి, మన గరివిడి. అప్పట్లో గరివిడి విశాఖపట్నం జిల్లాలోదే, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్లింది. అసలు దేశంలో మాంగనీస్ తవ్వకం మొదలైంది కూడా 1890ల మొదట్లో ఈ ప్రాంతంలోనే, కోడూరు దగ్గర. ఆ ఊరి పేరుతో కోడూరైట్ అని ఒక రాయి పేరే ఉంది. కాబట్టి మీ మావయ్యగారి పొలం ఉన్న చోటుకి ఈ పేరు బొత్తిగా అసాధ్యం కాదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

చిక్కేమిటంటే, ఫెర్మర్ ఒకే ఖనిజం అనుకున్నది తర్వాత సూక్ష్మదర్శిని కింద రెండుగా తేలింది. మాంగనీసూ ఇనుమూ కలిసిన ఒక ఖనిజం లోతున బాగా వేడిగా ఉన్నప్పుడు ఒక్కటిగానే ఉండి, మెల్లగా చల్లారేటప్పుడు జాకోబ్‌సైట్, హాస్‌మనైట్ అనే రెండు ఖనిజాలుగా విడిపోయి, మడత కాజాలో పొరల్లా ఒకదానిలో ఒకటి అమరిపోతుంది. ఆ పొరలు కంటికి కనిపించవు. రాయిని అద్దంలా పాలిష్ చేసి, పై నుంచి వెలుతురు పడే ప్రత్యేకమైన మైక్రోస్కోపులో చూస్తేనే తెలుస్తాయి. అందుకే ఇప్పుడు వ్రెడెన్‌బర్గైట్‌ని ప్రత్యేక ఖనిజంగా లెక్కలోకి తీసుకోరు, ఆ రెండింటి కలయికకి పాత పేరుగా వాడతారు. ఫెర్మర్ పెట్టిన పేర్లన్నిటికీ ఈ గతి పట్టలేదు, ఆయన హోలాండైట్ ఇప్పటికీ నిక్షేపంగా చెల్లుతోంది, సీతాపరైట్ మాత్రం బిక్స్‌బైట్ అని తేలి పోయింది.

మీ రాయికి దీన్ని అన్వయిస్తే ఇలా ఉంటుంది. గీటు ముదురు గోధుమ కలిసిన నలుపు వచ్చి, చిన్న మాగ్నెట్‌ని కూడా గట్టిగా లాగి, సాంద్రత 4.7 నుంచి 4.9 మధ్య ఉండి, చాకుకి లొంగకుండా, పెరాక్సైడ్‌కి బాగా నురగ వచ్చి, తాజా ముఖం మీద ఆ కంచు ఛాయ ఉంటే, “మాగ్నెట్‌కి అంటుకునే మాంగనీస్ ఇనుము ఆక్సైడ్, వ్రెడెన్‌బర్గైట్ కావచ్చు” అని నోట్‌బుక్‌లో రాసుకోవచ్చు. ఆ ‘కావచ్చు’ కొట్టేయకండి. అది ఒట్టి జాకోబ్‌సైటా, జాకోబ్‌సైట్ హాస్‌మనైట్ పొరలా, లేక మాంగనీస్ రాయిలో మాగ్నెటైట్ గింజలు కలిసి ఉన్నాయా అన్నది ఎంత అనుభవం ఉన్నవాడైనా పొలంలో నిలబడి చెప్పలేడు. చెప్పేశాడంటే జాగ్రత్తపడండి. ఇక గీటు అచ్చ నలుపు, సాంద్రత 5 పైన, నురగ దాదాపు లేదు అంటే అది మాగ్నెటైట్, బెంగ పెట్టుకోకుండా షోకేసులో పెట్టుకోండి.

మీ ఫ్రెండ్ రాయి చాలా తేలిక. అరకు మీదుగా వెళ్లే కొత్తవలస కిరండూల్ లైను వేసిందే బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి తేవడానికి. వ్యాగన్ల నుంచి రాలిన ముక్కలు ఆ పట్టాల వెంట ఉంటాయి, ఉక్కు రంగులో మెరుస్తూ చేతికి బరువుగా తగులుతాయి. కప్పు మీద గీయమనండి, ఎర్రగా వస్తుంది. అది అరకు దారిలోని అనంతగిరి కొండల రాయి కాదు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ప్రయాణికుడు. పట్టాల పక్కన, పోర్టు రోడ్ల మీద, ఓర్ (ముడి ఖనిజం) లారీలు తిరిగే చోట దొరికిన ఏ మెరిసే రాయినైనా ముందు ఇలాగే అనుమానించాలి. ఇంకో మాట, పట్టాల మీద రాళ్లు ఏరడం మానేయమని కూడా చెప్పండి.

పరీక్షలన్నీ అయ్యాక కూడా పేరు తేలాలనిపిస్తే ల్యాబుకి వెళ్లండి. మన ఊళ్లోనే ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది, ఈ మాంగనీస్ రాళ్లు వాళ్లకి కొత్తేం కాదు, వెళ్లి మర్యాదగా అడిగితే కనీసం చూసి దారి చెబుతారు. పోర్టు ఉన్న ఊరు కాబట్టి ఓర్ పరీక్షించే ప్రైవేటు ల్యాబులూ ఉన్నాయి. అక్కడ ఏం అడగాలో తెలిసి వెళ్లండి. ఎక్స్‌ఆర్‌ఎఫ్, అంటే బంగారం షాపు మిషన్ పద్ధతే, చేయిస్తే మాంగనీస్ ఎంత, ఇనుము ఎంత అని మూలకాలే వస్తాయి, ఖనిజం పేరు రాదు. పేరు కోసం ఎక్స్‌ఆర్‌డీ, అంటే ఎక్స్ కిరణాలతో ఖనిజం లోపలి అణువుల అమరిక చూసే పరీక్ష, కావాలి, ఆ లోపలి పొరలు చూడాలంటే పాలిష్ చేసిన సెక్షన్. శాంపిల్‌గా పిడికెడంత ముక్క చాలు, ఒక వైపు తాజా ముఖం, ఒక వైపు పాత పైపొర ఉండాలి, పక్క రాయి ముక్క విడిగా ఇంకో కవర్లో. ఒక్కోదానికి మార్కర్‌తో నంబరు వేయండి, బావి ఎక్కడుంది, ఎంత లోతు నుంచి వచ్చింది, ఏ తేదీన అన్నది చీటీ మీద రాసి లోపల పెట్టండి. చీటీ లేని శాంపిల్‌ని ల్యాబు వాళ్లు పరీక్షిస్తారు కానీ దాన్నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

డబ్బు వస్తుందా అని మీరు అడగలేదు కానీ మనసులో ఉంటుంది కదా. అరుదైనది అయితే ఖరీదైనది అవ్వాలని లేదు. వ్రెడెన్‌బర్గైట్ అని తేలితే ఖనిజాలు సేకరించేవాళ్లకీ పాఠాలు చెప్పేవాళ్లకీ సంతోషం, బజారులో మాత్రం అది టన్నుల లెక్కన, అందులోని మాంగనీస్ శాతాన్ని బట్టి పోయే ఓరే. అలా తవ్వి అమ్మాలన్నా సొంత పొలం అన్న మాట ఒక్కటే చాలదు, 1957 నాటి గనుల చట్టం ప్రకారం లీజు ఉండాలి. “అనంతగిరి వైపు కూడా లీజు ఇప్పిస్తాను” అని ఆ బ్రోకరే అంటే ఇంకా దూరంగా ఉండండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి గని లీజులు చెల్లవని 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కేసు పుట్టిందే ఆ కొండల్లో. ఇప్పటికే ఫోన్‌లో కొంత పంపి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

రాయి గొడవలో పడి ఎవరూ అడగని సంగతి ఒకటుంది. మావయ్యగారు ఆ బావి నీళ్లు తాగడానికి వాడుతున్నారా? మాంగనీస్ రాయిలోంచి ఊరే నీళ్లలో కొన్నిసార్లు మాంగనీస్ కరిగి ఉంటుంది, బిందె అడుగున నల్లటి పొర కట్టడం, తెల్ల బట్టలకి గోధుమ మరకలు పడటం, నీళ్లు కాస్త లోహం రుచి రావడం దాని గుర్తులు. తాగే నీటిలో లీటరుకి 0.1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు, వేరే నీళ్లు దొరక్కపోతే 0.3 దాకా పర్వాలేదని మన ప్రమాణం. చంటిపిల్లలు ఉన్న ఇల్లైతే ఇది పట్టించుకోవాల్సిందే. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో సీసా నీళ్లు ఇచ్చి, మాంగనీసూ ఇనుమూ రెండూ చూడమని ప్రత్యేకంగా అడగండి, అడక్కపోతే మామూలు పరీక్షలు చేసి ఇచ్చేస్తారు. లోతు చేసిన కొత్తలో నీళ్లు ఎలాగూ బురదగా ఉంటాయి, కొన్ని రోజులు మోటారు వేసి తోడించాక పట్టిన నీళ్లే ఇవ్వండి.